వ్రాయసకాండ్ర లిపి

సుమారు 2,250 సంవత్సరములకు పూర్వము చీనాదేశమున హేయ్‌ఫూ అను సైనికుడొకడు దండువిడిదినుండి యింటికి జాబు పంపెను. అన్నగారిని, తల్లిని క్షేమమడిగిన పిమ్మట అతడు కోరినది వేసవిబట్టలు. ఊరిలో పట్టుగుడ్డ చౌకగా నున్నచో అమ్మయే బట్టలు కుట్టి రొక్కముతో గూడ పంపవలయుననియు, ధర హెచ్చుగా నున్నచో రొక్కము మాత్రము పంపిన చాలుననియు, తా నిక్కడనే గుడ్డ కొని కుట్టించుకొందుననియు వ్రాసెను. తిరుగబడిన పట్టణమును చాలదినములుగా ముట్టడించుచున్నామనియు, తనకు గాయము తగులునో లేదో చెప్పలేననియు, కావున సొమ్ము పంపుటలో తక్కువ చేయవలదనియు ఆ జాబులోనే యున్నది. కొడుకును దూరదేశమునకు పంపిన యే తల్లికైనను ఇట్టి జాబు క్రొత్తది కాదు.

అతని సోదరుడు జింగ్ అనువాడును ఆ దండులోనే యుండెను. వాని జాబు ఇంకను ఆత్రముగా నున్నది. ఐదారు వందల నాణెములును, ఆ దేశపు కొలతలో 25 అడుగులకు తక్కువ గాకుండ మేలైన గుడ్డయు పంపవలెనని కోరి, తాను మఱియొకరి సొమ్ము వాడుకొంటిననియు, ఇంటినుండి రాకున్నచో ప్రాణము దక్కదనియు తెలిపి, త్వరపెట్టు మాటను ముమ్మాఱు వరుసగా వ్రాసెను. క్రొత్తకోడలు వృద్ధులిద్దఱిని శ్రద్ధగా చూచుకొనవలెనట. ఇంటిపిల్లను వంటచెఱకునకై దూరము పోనీయవలదట. యుద్ధము మధ్యనుండి వచ్చిన జాబులో కట్టెలకు పోవు పిల్లను గూర్చిన యెచ్చరిక చదువునపుడు మనస్సు ఒక్కక్షణము నిలిచిపోవును.

ఈ రెండు జాబులును చెక్కపలకలపై సిరాతో వ్రాసినవి. 1975–76 సంవత్సరములలో హుబేయ్ రాష్ట్రమునందలి యున్‌మెంగ్ ప్రాంతమున ష్వీహూదీ యనుచోట ప్రాచీనసమాధులను త్రవ్వినప్పుడు 4వ సంఖ్యగల సమాధిలో దొరకినవి. చీనాదేశమున ఇంతవఱకు బయల్పడిన యింటిజాబులలో ఇవియే మిక్కిలి ప్రాచీనములని చెప్పుదురు. సైనికులు తామే వ్రాసికొనిరో, దండులోని వ్రాయసకానిచేత వ్రాయించుకొనిరో గాని, ఆ వ్రాత రాజశాసనములను చెక్కు వ్రాత గాదు, నిత్యావసరపు వ్రాత. దానికి తరువాత లీషూ అని పేరు వచ్చెను. ‘లీ’ యనగా కొలువులోని క్రింది యుద్యోగి, పరిచారకుడు. ‘షూ’ యనగా వ్రాత. మన మాటలో వ్రాయసకాండ్ర లిపి యనుకొందము. నేడు చీనావారు మిక్కిలి గౌరవముతో అభ్యసించు ప్రాచీనలిపులలో ఇదియొకటి. దాని పుట్టుపూర్వోత్తరములే యీ మాసపు ముచ్చట.

ఆ సైనికుల కాలమున చీనాదేశము పలు రాజ్యములుగా చీలియుండెను. అక్షరముల తీరు ఒక్కొక్క రాజ్యమున ఒక్కొక్క విధముగా నుండెడిది. క్రీ.పూ. 221లో ఛిన్ రాజు తక్కిన రాజ్యములనన్నిటిని జయించి, మొదటి చక్రవర్తినని చాటుకొని, తూనికలతోను కొలతలతోను పాటు లిపినిగూడ ఒక్కటిగా చేయించెను. మంత్రి లీ స్సు ఏర్పఱచెనని చెప్పెడి ఆ రాజలిపికి ముద్రాలిపి యని పేరు. నేటికిని చీనావారి ముద్రలపై తఱుచుగా చెక్కునది ఆ లిపియే. అందు గీతలన్నియు ఒకే మందము. మూలలుండవు, వంపులే యుండును. అక్షరము నిలువున పొడవై, కుడియెడమలు త్రాసులో తూచినట్లుండును. చూచుటకు రమ్యమేగాని, వ్రాయుటకు పూట గడచునంత యోర్పు కావలెను. ప్రతి వంపును కుంచె నిలిపి మెల్లగా త్రిప్పి, రెండవప్రక్క సరిచూచుకొని దింపవలెను. కొండశిలలపై చక్రవర్తి కీర్తిని చెక్కించుటకు అంతకన్న తగిన లిపి లేదు.

కాని రాజ్యము కొండశిలలపై నడువదు. కొట్లలోని ధాన్యమెంత, ఎవరి పొలము గట్టు ఎచ్చట, ఏ దొంగ యేమి చెప్పెను, వెట్టికి రాని వారెందఱు అను సంగతులన్నియు ప్రతిదినము వ్రాయవలసినవే. కాగితము ఇంకను వాడుకలోనికి రాలేదు. వెదురుబద్దలపై వ్రాసి, వానిని త్రాటితో చాపవలె అల్లి చుట్టిపెట్టెడివారు. ష్వీహూదీలో దొరకిన బద్దలు 23 మొదలు 28 సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరునకు కొంచెము పైబడిన వెడల్పు గలవి. తప్పు పడిన చిన్నకత్తితో చెక్కివేయవలెను. అందువలన కచ్చేరి గుమాస్తాలకు కత్తికుంచె గాండ్రని పేరు పడినది. మొదటి చక్రవర్తి దినమునకు ఇంత తూకమని నియమము పెట్టుకొని, ఆ తూకము పత్రములు చూచినగాని విశ్రమించెడివాడు కాడని సీమా ఛియన్ అను చరిత్రకారుడు వ్రాసెను. ఆ తూకము నేటి లెక్కలో సుమారు 30 కిలోగ్రాములు. చదువువానికే అంత బరువైనప్పుడు వ్రాయువారి చేతులమాట చెప్పనేల!

ఈ లిపి పుట్టుటను గూర్చి ఒక కథ చిరకాలమునుండి ప్రచారములో నున్నది. ఛెంగ్ మ్యావ్ అను చిన్న యుద్యోగి చక్రవర్తి యాగ్రహమునకు పాల్పడి యున్‌యాంగ్ చెఱసాలలో పదియేండ్లు మ్రగ్గెనట. అచ్చట ఊరకుండక, ముద్రాలిపిలోని వంపులను తగ్గించి, గీతలను చక్కచేసి, 3,000 అక్షరములు క్రొత్తగా కల్పించి చక్రవర్తికి సమర్పించెనట. చక్రవర్తి మెచ్చి, చెఱ విడిపించి, ఉద్యోగమిచ్చెనట. కథ చక్కగానే యున్నది. ఖైదీ తెలివికి రాజు మెచ్చుట ఎవరికి రుచింపదు? బాన్ గూ ప్రారంభింపగా, అతని మరణానంతరము చెల్లెలు బాన్ జావ్ పూర్తిచేసిన హాన్ చరిత్రలో మాత్రము, కచ్చేరి పనులును చెఱసాల వ్యవహారములును పెరిగిపోవుటచే ఈ సులభలిపి ఆరంభమయ్యెనని సూటిగా నున్నది. చెల్లెలి చేతిమీదుగా లోకమునకు దక్కిన గ్రంథమని చెప్పుట మనకు ఉత్సాహముగా నుండుటచే ఈ మాట యిచ్చట చేర్చితిని.

భూమిలో దొరకిన పత్రములు ఖైదీ కథను నిలువనీయలేదు. ష్వీహూదీలోనే 11వ సమాధిలో షీ అను కచ్చేరి యుద్యోగిని పాతిపెట్టిరి. అతని తలచుట్టును, దేహముప్రక్కలను, పాదములయొద్దను 1,100కు పైగా వెదురుబద్దలు పేర్చియుండెను. వానిపై చట్టములు, విచారణపద్ధతులు, మంచిచెడు దినముల లెక్కలు కలవు. సంవత్సరముల వరుస నొకటి వ్రాసి, యుద్ధముల ప్రక్కనే తాను పుట్టిన యేడు, తండ్రి పోయిన దినము, తల్లి పోయిన దినము, బిడ్డలు కలిగిన యేండ్లు గుఱించుకొనెను. మన పెద్దలు పంచాంగపు అంచులలో ఇంటి సంగతులు వ్రాసికొన్నట్లే. ఆ వరుస క్రీ.పూ. 217తో ఆగిపోవును. ఈ బద్దలపై నున్నది తొలినాటి లీషూయే. అందు కొన్ని చక్రవర్తి పట్టాభిషేకమునకు పూర్వపువి. ఇంతకన్న పాతదియు నున్నది. సిచువాన్ రాష్ట్రమున ఛింగ్‌ఛ్వాన్ అనుచోట 1980 ప్రాంతమున త్రవ్విన సమాధిలో ఒక చెక్కపలక దొరకెను. పొలముల గట్లను, బాటలను గూర్చిన యాజ్ఞ అది, క్రీ.పూ. 309 నాటిది. వంపులు విఱిగి చదునైన గీతలుగా మాఱుట అందు స్పష్టముగా కానవచ్చును. మొదటి చక్రవర్తి పుట్టినదే క్రీ.పూ. 259లో. ఆయన పుట్టుటకు 50 సంవత్సరములకు ముందే యున్న లిపిని ఆయన ఖైదీ కల్పించుట యెట్లు?

కావున ఈ లిపిని ఎవరును కనిపెట్టలేదు. ఊరూర కచ్చేరులలో, దీపపు వెలుతురున, రేపటికి పంపవలసిన లెక్కను ఈ రాత్రికే ముగింపవలసిన వ్రాయసకాండ్రు ఒకడొక వంపును, మఱియొకడొక గీతను విడిచిపెట్టుచు పోయిరి. ఛెంగ్ మ్యావ్ అనువాడు ఉండెనేని, అప్పటికే వాడుకలోనున్న రూపములను ప్రోగుచేసి క్రమపెట్టియుండవచ్చును. అదియు చిన్నపని గాదు. మన కరణములు కలమెత్తకుండ వ్రాసిన గొలుసుకట్టు వ్రాతను చూచినవారికి ఈ సంగతి వివరింపనక్కఱలేదు. దానిని కల్పించినవాని పేరు ఎవరు చెప్పగలరు? భేదమేమనగా, మన గొలుసుకట్టు కరణముల దస్త్రములలోనే మిగిలిపోయెను. చీనా గుమాస్తాల వ్రాత రాజలిపిని సింహాసనమునుండి దించెను. క్రీ.పూ. 206లో ఛిన్ వంశమంతరించి హాన్ వంశమునకు రాజ్యము రాగా, ఆ నాలుగు వందల యేండ్లలో లీషూయే దేశమునకు లిపియైనది.

ఈ మార్పులో లాభమెంతయో నష్టమును అంత. చీనా అక్షరములు మొదట బొమ్మలు. క్రీ.పూ. 1200 ప్రాంతమున తాబేటి చిప్పలపైని, ఎద్దుటెముకలపైని గీసిన అక్షరములలో సూర్యుడు గుండ్రముగా నడుమ చుక్కతో నుండును. గుఱ్ఱమునకు జూలు, కాళ్లు, తోక యన్నియు కలవు. చేపకు రెక్కలును చీలిన తోకయు కలవు. స్త్రీ యనగా మోకాళ్లపై కూర్చుండి చేతులు ముందఱ జోడించిన రూపము. ఇది స్త్రీని తక్కువ చేయుటకే గీసినదని కొందఱు వ్రాయుదురు గాని, ఆ కాలమున చీనాలో పురుషులును మోకాళ్లపైననే కూర్చుండెడివారని మఱువరాదు. ముద్రాలిపిలో సయితము ఈ బొమ్మల ఛాయ కొంత మిగిలియుండెను. లీషూ వచ్చి దానిని తుడిచివేసెను. సూర్యుడు అడ్డుగీత గల పెట్టె యయ్యెను. మోకరిల్లిన స్త్రీ, ఒండొంటిని దాటు మూడు గీతలయ్యెను. అన్నింటికన్న వింత నాలుగు చుక్కల సంగతి. గుఱ్ఱపు కాళ్లు నాలుగు చుక్కలు, చేపతోక నాలుగు చుక్కలు, పక్షిగోళ్లు నాలుగు చుక్కలు, పొయ్యిక్రింది మంటయు నాలుగు చుక్కలే! తొందరలో నున్న చేతికి కాలును మంటయు ఒక్కటే. ఇప్పటి చీనా పిల్లలు ఈ చుక్కలను చూచి తోకయో నిప్పో పోల్చుకొనలేరు, వల్లెవేసి నేర్వవలసినదే. పండితులు ఈ మార్పును ప్రాచీనలిపికిని నూతనలిపికిని నడుమనున్న యెల్లగా నెంతురు. దీని కివతలి అక్షరములను నేటి చదువరి చాలవఱకు చదువగలడు; అవతలివానిని ప్రత్యేకముగా నేర్చుకొన్నగాని చదువలేడు.

తొందర తీరిన పిమ్మట సొంపు వచ్చినది. హాన్ కాలమున నెమ్మదిగా పండిన లీషూ అక్షరము నిలువున కుఱుచ, అడ్డమున వెడల్పు. బాసినపట్టు వేసి కూర్చున్నట్లుండును. బద్ద సన్నము గనుక పొడవైన అక్షరములు చోటు తినివేయుననియే అక్షరమును నొక్కి పొట్టిచేసిరని కొందఱి యభిప్రాయము. వంపులున్నచోట్ల మూలలు ఏర్పడెను. ముద్రాలిపిలో లేని సన్నము, లావు గీతలలో ప్రవేశించెను. ముఖ్యాలంకారము ఒక పొడవైన యడ్డగీత. దాని మొదలు పట్టుపురుగు తలయట. కొన అడవిబాతు తోకయట. వ్రాయు విధమిది: కుంచెను నిట్టనిలువుగా పట్టి, కుడివైపునకు పోవలసినదానిని మొదట కొంచెము ఎడమకు నెట్టి వెనుకకు త్రిప్పవలెను, కుంచెమొన లోపల దాగి గుండ్రని తల యేర్పడును. నడుమ చేయి తేలికచేసి సాగి, చివర మెల్లగా నొక్కి, నొక్కినదానిని కుడిప్రక్క పైకి లేపుచు విడువవలెను, తోక విప్పుకొనును. పిండితో ముగ్గుగీత లాగునపుడు వ్రేళ్లు బిగించినచోట సన్నము, సడలించినచోట లావు అగుటను మీరెఱుగుదురు. కుంచె మర్మమును అట్టిదే. అయితే ఒక కట్టుబాటు కలదు. ఒక్క అక్షరములో ఇట్టి తోక ఒక్కటియే యుండవలెను. అడ్డగీతలు నాలుగున్నను తక్కిన మూడును అణగియుండవలసినదే. నగలన్నియు ఒక్కసారి పెట్టుకొనరాదను మర్యాద ఎఱిగిన లిపి యిది.

వ్రాయసకాండ్ర వ్రాత కడపట శాస్త్రములకే ఆధారమయ్యెను. క్రీ.శ. 175లో త్సాయ్ యుంగ్ అను పండితుడు, చేతివ్రాత ప్రతులలో తప్పులు ప్రబలినవని చక్రవర్తితో విన్నవించి, కన్‌ఫ్యూషియస్ మతగ్రంథములను సరిచూపించి ఱాళ్లపై చెక్కించుటకు పూనుకొనెను. లోయాంగ్ నగరమున విద్యాలయము ముందఱ 46 ఱాళ్లు నిలిపిరి. పని 183లో ముగిసెను. అక్షరములు సుమారు రెండు లక్షలు, అన్నియు లీషూ. వానిని చూచి వ్రాసికొనుటకు వచ్చినవారి బండ్లతో వీధులు నిండిపోయెడివని చరిత్రలో నున్నది. తరువాతి యుద్ధములలో ఆ ఱాళ్లు పగిలి, నేడు తునుకలు మాత్రము మిగిలినవి.

ఆ త్సాయ్ యుంగ్ కుమార్తె త్సాయ్ యెన్. వెన్‌జీ యనియు ఆమెను పిలుతురు. తండ్రి 192లో చెఱసాలలో మరణించెను. తరువాత కొలది కాలమునకే దేశము అల్లకల్లోలమై, ఉత్తరపు సంచారజాతివారు ఆమెను పట్టుకొనిపోయిరి. పండ్రెండేండ్లు వారిలో నుండి ఇద్దఱు కొడుకులను కనెను. త్సావ్ త్సావ్ అను ప్రభువు ధనమిచ్చి ఆమెను విడిపించెను. బిడ్డలను మాత్రము అచ్చటనే విడిచి రావలసివచ్చెను. ఒకనాడు ఆ ప్రభువు ఆమె తండ్రి గ్రంథములేమయ్యెనని ప్రశ్నించెను. నాలుగు వేలకు పైగా నుండెననియు, ఒక్కటియు మిగులలేదనియు, తనకు కంఠస్థముగా నున్నవి నాలుగు వందలకు పైచిలుకనియు ఆమె చెప్పెను. చెప్పుచుండగా వ్రాసికొనుటకు పదిమంది గుమాస్తాలను పంపెదనన్నాడు. పరపురుషుల యెదుట కూర్చుండి చెప్పుట మర్యాద కాదనియు, కాగితమును కుంచెయు ఇప్పించినచో తానే వ్రాయుదుననియు, నిలుకడ వ్రాత కావలెనో, జాఱువ్రాత కావలెనో సెలవిచ్చినచో అట్లే వ్రాయుదుననియు ఆమె బదులు చెప్పెను. వ్రాసి యిచ్చెను, తప్పు లేదట. పదిమంది గుమాస్తాల పని ఒక స్త్రీ చేసిన సంగతి అటుండగా, రెండు తీరులలోను ఆమెకు చేయి తిరిగియుండుట గమనింపదగినది. అప్పటికే లీషూనుండి వేగపు జాఱువ్రాతయు, నేటి అచ్చునకు మూలమైన నిలుకడ వ్రాతయు విడివడుచుండెను.

కుంచె మర్మము త్సాయ్ యుంగ్ నుండి కుమార్తెకును, ఆమెనుండి జోంగ్ యావ్ అను పండితునకును, పిమ్మట క్రీ.శ. 272–349 నడుమ జీవించిన వేయ్ షువో అను దొరసానికిని, ఆమెనుండి శిష్యుడైన వాంగ్ షీజీకిని సంక్రమించెనని ఒక గురుపరంపర ప్రాచీనులు చెప్పుదురు. తేదీలు పరీక్షించినచో మొదటి కొలికులు కథగానే తోచును. వేయ్ దొరసాని వాంగ్ షీజీకి గురువగుట మాత్రము అందఱును ఒప్పుకొనినది. చీనా లేఖకులలో అతనిని మించినవాడు లేడని ప్రతీతి. ఐదుగురు గల పరంపరలో ఇద్దఱు స్త్రీలను నిలుపుటకు ప్రాచీనులు సంకోచింపలేదు.

హాన్ కాలపు శిలలు నేటికిని పెక్కు నిలిచియున్నవి. నేర్చుకొనువారు వాని అచ్చుకాగితములు ముందఱ పెట్టుకొని దిద్దుదురు. షీయాన్ నగరమునందలి శిలావనమను ప్రదర్శనశాలలో త్సావ్ ఛ్వాన్ అను అధికారిని గూర్చి 185లో నిలిపిన శిల కలదు. అందలి అక్షరములు మృదువుగా, నడుము సన్నగా, తోకలు గాలిలో తేలునట్లుండును. ప్రజలకు జబ్బుచేసినపుడు తావ్ ఫేయ్ అను స్త్రీ మొదలగువారు మందు నూఱి సిద్ధపఱచుట కూడ ఆ శిలపై చెక్కిరి. మఱుసటి యేట, అనగా 186లో, జాంగ్ ఛియన్ అను అధికారికై నిలిపిన శిల తాయ్‌షాన్ పర్వతపాదమున నున్న దేవాలయములో కలదు. అది మొఱటు, గీతలు మొద్దుగా, మూలలు గొడ్డలితో నఱికినట్లుండును. మొదట అందఱి కన్నును మొదటి శిలపైననే పడును. మెత్తని దానిని దిద్ది దిద్ది చేయి మెత్తబడిపోవునని తలచు గురువులు రెండవదానిని ముందు చేతికిత్తురు. రెంటి పటములును ప్రక్కప్రక్కన పెట్టి చూచిన నాకు, ఆ మొఱటు అక్షరములే వ్రాయసకాండ్ర చేతికి దగ్గఱగా తోచినవి.

చీనావారి దుకాణపు పలకలపైనను, గ్రంథముల యట్టలపైనను ఈ లిపి నేడును కానవచ్చును. అక్షరము వెడల్పుగా చదునుగా కూర్చుండి, కుడిప్రక్క ఒకే ఒక్క తోక పైకి లేచియున్నచో అది లీషూ యని పోల్చుకొనవచ్చును. హేయ్‌ఫూ, జింగ్‌ల జాబులలో ఆ తోక యింకను సరిగా విచ్చుకొనలేదు.